ట్యాంకు అడుగున నీళ్లు

(చెన్నై పెరంబూరులో తెలుగు కుటుంబాల ఆదివారం కూడికలో, రైలు పెట్టెల తయారీలో పనిచేసి రిటైరైన ఒక ఫిట్టర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారమండీ.

నా పక్కనున్న ఈ ఎయిర్ కంప్రెసర్‌ని, అంటే గాలిని నొక్కి ట్యాంకులో నింపే మెషిన్ని, చూస్తున్నారు కదా. 24 లీటర్ల ట్యాంకు, 2 హార్స్‌పవర్ మోటారు. నిన్న ఉదయం కొళత్తూరులో మా ఇంటి గ్యారేజీలో దీనితోనే ఎదురింటివాళ్ల గేటుకి ప్రైమర్ కొట్టాను. గంటసేపు పని. అయిపోయాక పైనున్న వాల్వు తిప్పి గాలి మొత్తం వదిలేశాను. అడుగున నీళ్లు వదిలే చిన్న కుళాయి ఉంటుంది, డ్రైన్ కాక్ అంటారు, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. రోజూ తిప్పుతాను, నిన్న మీకోసం ఆపాను. ఇంట్లోంచి ఒక కాఫీ డబరా కూడా తెచ్చాను. అది ఎందుకో చివర్లో చూద్దాం.

నన్ను మాట్లాడమన్నది ఇంటి గ్యారేజీలో ఎయిర్ కంప్రెసర్ ఎలా పెట్టుకోవాలి అన్న విషయం మీద. ఈమధ్య మన కుర్రాళ్లు చాలామంది సొంత బండి పని తామే చేసుకుంటామంటున్నారు. పెయింటింగు, చెక్కపని, పాత బుల్లెట్లు విప్పి మళ్లీ బిగించడం... చాలా సంతోషం. కానీ ఆన్‌లైన్‌లో మెషిన్ ఆర్డర్ పెట్టి, డబ్బా విప్పి, హాల్లో ప్లగ్గు గుచ్చి, పనైపోయింది అనుకుంటున్నారు. అసలు పని అక్కడే మొదలవుతుంది.

నాకు గాలితో 31 ఏళ్ల సావాసం. మన పెరంబూరు పెట్టెల కర్మాగారం 1955 నుంచి నడుస్తోంది, ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆ గేటుతో ఏదో ఒక బంధం ఉంది. నేను బ్రేకుల దగ్గర చేశాను. రైలు ఆగేది గాలితోనే. బ్రేక్ పైపులో 5 కిలోలు, ఫీడ్ పైపులో 6 కిలోలు. కిలోలు అంటే చదరపు సెంటీమీటరుకి కిలోలు, పనివాళ్ల భాషలో అంతే. ఒక కిలో ఒత్తిడి అంటే చదరపు అంగుళానికి సుమారు 14 పౌండ్లు. కారు టైరులో 32 పౌండ్లు పెట్టమంటారే, అది రెండుంపావు కిలోలు. మీ ఇంటి కంప్రెసర్ 8 కిలోలు నింపుతుంది. అంటే రైలుని ఆపే పైపుల్లో ఉన్నదానికంటే ఎక్కువ ఒత్తిడి మీ కారు పక్కన, పిల్లల సైకిలు పక్కన కూర్చుని ఉంటుంది. ముందు ఆ లెక్క మనసులో పెట్టుకోండి.

మా తాతగారికి సూళ్లూరుపేట దగ్గర పల్లెలో కొలిమి ఉండేది. తోలు తిత్తి. తాతగారు నొక్కినంతసేపే గాలి. చెయ్యి ఆగితే గాలీ ఆగేది. కంప్రెసర్‌కీ కొలిమి తిత్తికీ అసలు తేడా ఇదే. కంప్రెసర్ గాలిని దాచిపెడుతుంది. దాచిపెట్టింది ఏదైనా ఒక్కసారిగా బయటికి రాగలదు. 50 లీటర్ల ట్యాంకులో 8 కిలోల దగ్గర దాగి ఉన్న శక్తి ఎంతో తెలుసా? 800 కిలోల చిన్న కారుని మేడ మీదికి, అంటే మూడు మీటర్ల పైకి, ఎత్తడానికి సరిపోతుంది. ట్యాంకు పగిలితే ఆ శక్తంతా రెప్పపాటులో వస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. చేతిలో ఉన్నది ఏమిటో తెలిస్తే చెయ్యి జాగ్రత్తగా ఉంటుంది.

సరే, కొనడం. ఇది తొందరగా చెప్పేస్తాను. ప్యారిస్ కార్నర్ దగ్గర సెంబుదాస్ వీధికి వెళ్లండి, వరసగా షాపులు. కోయంబత్తూరు నుంచి వచ్చిన మంచి మెషిన్లు దొరుకుతాయి. ప్రతి షాపులోనూ అడుగుతారు, "ఎన్ని లీటర్లది కావాలి సార్?" అని. అది బిందె సైజు అడగడం లాంటిది. కుళాయి సన్నగా వస్తుంటే బిందె ఎంత పెద్దదైతే ఏం లాభం? మీరు అడగాల్సింది, నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది అని. దాన్ని సీఎఫ్ఎం అంటారు, నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని. అందులోనూ రెండు లెక్కలున్నాయి. పిస్టన్ ఎంత మింగుతుంది అన్నది ఒకటి, దాన్ని డిస్‌ప్లేస్‌మెంట్ అంటారు. నిజంగా బయటికి ఎంత వస్తుంది అన్నది రెండోది, అది ఎఫ్ఏడీ. చిన్న మెషిన్లలో మింగినదాంట్లో మూడింట రెండు వంతులు చేతికొస్తే మంచి మెషిన్ కిందే లెక్క. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది మొదటిది. మనకి కావాల్సింది రెండోది.

టైరుకి గాలి పట్టడానికి, దుమ్ము ఊదడానికి ఏదైనా చాలు. చక్రం నట్లు విప్పే అరంగుళం ఇంపాక్ట్ గన్నుకి నాలుగైదు సీఎఫ్ఎం కావాలి. కారు పెయింటింగుకి వాడే పెద్ద స్ప్రే గన్ను అయితే ఎనిమిది నుంచి పన్నెండు దాకా తాగుతుంది. 2 హార్స్‌పవర్ మెషిన్ దానికి చాలదు. తలుపుకి, గేటుకి చిన్న గన్నుతో ఆగి ఆగి కొట్టుకోవచ్చు. కారు మొత్తం కొట్టాలంటే ఈ సైజు కొని బాధపడొద్దు.

ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. ట్యాంకు ఖాళీ చేసి, కాక్‌లన్నీ మూసి, మెషిన్ వేసి, గడియారం చూడండి. ట్యాంకు 50 లీటర్లు, సున్నా నుంచి 8 కిలోలకి నాలుగు నిమిషాల్లో ఎక్కింది అనుకుందాం. 50 ఎనిమిదులు 400 లీటర్ల గాలి. నాలుగు నిమిషాలకి భాగిస్తే నిమిషానికి 100 లీటర్లు. ఒక ఘనపుటడుగుకి 28 లీటర్లు కాబట్టి సుమారు మూడున్నర సీఎఫ్ఎం. డబ్బా మీద ఏడని రాసి ఉన్నా, మీ మెషిన్ ఇచ్చేది అదే. ఆ తేదీ, ఆ నిమిషాలు ట్యాంకు మీదే మార్కర్‌తో రాసుకోండి. ఏడాది తర్వాత మళ్లీ చూస్తే ఐదు నిమిషాలు పడుతోందంటే వాల్వు ప్లేటో, రింగులో అరిగాయన్నమాట. ఏ మెకానిక్కూ చెప్పక్కర్లేదు.

ఇక పెట్టే చోటు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకి తెలుసు, పంపు అడుగుభాగం చేతికి కాలుతుంది. కంప్రెసర్ హెడ్డు, అంటే పిస్టన్ గాలిని నొక్కే పైభాగం, దాని మీద చెయ్యి పెట్టలేం. బెల్టు మెషిన్‌కి ఉండే పెద్ద చక్రం ఆకులే ఫ్యాన్ లాగా హెడ్డుని చల్లబరుస్తాయి. దాన్ని గోడకి ఆనించి పెడితే ఇక చల్లబడేదెక్కడ? చక్రం వైపు అడుగున్నర ఖాళీ వదలండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఇక్కడి తమిళులకి దానికి కాస్త ముందొచ్చే కత్తిరి ఎండలు. ఆ మే నెల మధ్యాహ్నాల్లో బెల్టు లేకుండా మోటారుకే నేరుగా బిగించిన డైరెక్ట్ డ్రైవ్ చిన్న మెషిన్లకి నడిచినంతసేపు విశ్రాంతి ఇవ్వాలి.

శబ్దం ఉందని కొందరు చెక్క పెట్టె చేసి అందులో మూస్తారు. దయచేసి మూయకండి, మోటారు ఉడికిపోతుంది. శబ్దంలో పెద్ద భాగం గాలి పీల్చే నోటి దగ్గర పుడుతుంది, అక్కడ మంచి సైలెన్సర్ ఫిల్టర్ పెడితే చాలా తేడా వస్తుంది. కింద రబ్బరు ప్యాడ్లు వేయండి. ఇళ్ల మధ్య శబ్దానికి చట్టం పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక 45 అంటుంది. ఈ మెషిన్లు దగ్గర నుంచి వింటే 80 దాటతాయి. పక్కింటి మామి మధ్యాహ్నం నిద్రపోయే వేళేదో తెలుసుకుని, ముందే ఒకమాట చెప్పి పని చేసుకోండి. నేను ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా చేస్తాను, ఆ వేళకి వీధిలో అందరూ అలవాటుపడ్డారు.

నేల గురించి చెన్నైవాళ్లకి వేరే చెప్పాలా? 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా గ్యారేజీలో మోకాలి లోతు నీళ్లు. నా పాత బెల్టు మెషిన్ మోటారు రెండు రోజులు నీళ్లలోనే ఉంది. రివైండింగు చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత యాంగిల్ ఇనుముతో రెండున్నర అడుగుల బల్ల చేసి, నాలుగు కాళ్లూ నేలలోకి బోల్టులతో బిగించి, దాని మీద పెట్టాను. బిగించకుండా ఎత్తున పెట్టొద్దు, ఈ మెషిన్ వణికి వణికి అంచుకి నడుస్తుంది. స్విచ్చుబోర్డు భుజం ఎత్తులో పెట్టించాను.

కరెంటు దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువ మెషిన్లు ఇక్కడే కాలిపోతాయి.

2 హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు పది, పదకొండు ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది, అంటే 55, 60 ఆంపియర్లు. ఇళ్లల్లో చాలాచోట్ల బి రకం ఎంసీబీలు, అంటే కరెంటు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చులు, ఉంటాయి. 16 ఆంపియర్ల బి రకానిది 48 ఆంపియర్లు దాటితే దబ్బున పడిపోవచ్చు. అందుకే కొత్త మెషిన్ వేయగానే ట్రిప్పయి, "మెషిన్ పాడు" అని షాపుకి తిరిగి మోసుకెళ్తారు. మెషిన్ బాగానే ఉంది. ఆ ఒక్క క్షణం ఓర్చుకునే సి రకం ఎంసీబీ పెట్టించాలి, అంతే. మెయిన్ బోర్డు నుంచి గ్యారేజీకి వేరే లైను, 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్తింగు, కరెంటు లీకయితే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. తడి నేల మీద చెప్పులు లేకుండా నిలబడి పనిచేసే ఊరండీ ఇది. ఎర్తింగు దగ్గర పొదుపు చేయొద్దు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఎందుకు వద్దో లెక్క చెప్తాను. మామూలు బాక్సులో 1 స్క్వేర్ ఎంఎం వైరు ఉంటుంది. 20 మీటర్ల పొడవైతే పోనూ రానూ 40 మీటర్లు. స్టార్టింగులో 55 ఆంపియర్లు వెళ్లేటప్పుడు ఆ వైరులోనే 40 వోల్టులు పోతాయి. 230 కాస్తా 190 అవుతుంది. మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గంతో పాటు పడిపోతుంది కాబట్టి మూడింట ఒక వంతు బలం హుష్‌కాకి. మోటారు తిరగలేక మూలుగుతుంది, వేడెక్కుతుంది, కెపాసిటర్ ఉబ్బుతుంది. కారు దూరంగా ఉంటే కరెంటు వైరు పొడిగించకండి, గాలి గొట్టం పొడిగించండి. గాలి గొట్టంలో పోయేది కొద్దిగా ఒత్తిడి, దానివల్ల మోటారు కాలదు.

మెషిన్ నిండి ఆగినప్పుడు "స్స్" అని ఒక చిన్న శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు అది లీకేజీ అనుకుని నాకు ఫోన్ చేస్తారు. అది లీకు కాదు, ఆరోగ్యం. ఆగగానే హెడ్డుకీ ట్యాంకుకీ మధ్య పైపులో మిగిలిన గాలిని అన్‌లోడర్ వాల్వు బయటికి వదిలేస్తుంది. అలా వదలకపోతే మళ్లీ స్టార్టయ్యేటప్పుడు పిస్టన్ ఎదురుగాలిని నెట్టుకుంటూ తిరగాలి. ఏ రోజైనా ఆ స్స్ వినబడకపోతే, ఆ రోజే మెషిన్ ఆపి, ట్యాంకు నిండగానే మోటారుని ఆపే ప్రెషర్ స్విచ్చు చూపించండి. ఒకవేళ స్స్ అన్నది ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు ముందు, గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వులో చెత్త ఇరుక్కుందని అర్థం. మా వర్క్‌షాపులో కొత్త కుర్రాళ్లకి నేను ముందు నేర్పింది చెవితో పని చేయడమే.

ఆయిలు మాట కూడా ఇక్కడే అనేస్తాను. కంప్రెసర్ ఆయిలే పోయండి, కారు ఇంజన్ ఆయిలు వద్దు. గాజు కిటికీలో సగానికి ఉండాలి. మొదటిసారి తొందరగా మార్చండి, లోపల కొత్త ఇనుము పొడి ఉంటుంది. ఆపైన పుస్తకంలో రాసినట్టు.

ఇప్పుడు నీళ్లు. నేను వచ్చింది దీనికోసమే.

రిటైరయ్యాక సొంతంగా మెషిన్ పెట్టుకున్న కొత్తలో మా చెల్లెలి ఇంటి వరండా గ్రిల్లుకి నల్ల డ్యూకో కొట్టాను. రెండు కోట్లు అద్దంలా వచ్చాయి. మూడో కోటులో గన్ను తుప్‌తుప్‌మంది. పెయింటు మీద ఆవగింజంత గుంటలు, వందల కొద్దీ. పెయింటర్లు వాటిని ఫిష్ ఐ అంటారు. మొత్తం గీకి మళ్లీ కొట్టాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ట్యాంకు కింద ఉన్న డ్రైన్ కాక్ తిప్పాను. ఆరు వారాలుగా తిప్పలేదు. టీ డికాషన్ రంగులో నీళ్లు, తెల్ల టైల్సు మీద ఇంత మేర పాకాయి. వాటితో పాటు తుప్పు పొడి. టైలు మీద ఆ మరక ఇప్పటికీ ఉంది, కడిగినా పోలేదు. బ్రేకుల దగ్గర 31 ఏళ్లు పనిచేసి, రోజూ గాలి రిజర్వాయర్ల అడుగు నీళ్లు వదిలినవాణ్ణి, నా ఇంట్లో వదల్లేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

ఆ నీళ్లు ఎక్కడివి? ఎవరూ పొయ్యలేదు. గాలిలోంచే వచ్చాయి. మన ఊరి గాలి 30 డిగ్రీల దగ్గర, మీటరు పొడవు మీటరు వెడల్పు మీటరు ఎత్తు డబ్బాలో పట్టేంత గాలి, మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరి మోయగలదు. సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి మామూలు రోజున 22, 23 గ్రాములు మోస్తూనే ఉంటుంది. ఆ గాలిని 8 కిలోలకి నొక్కితే తొమ్మిదో వంతు చోటులోకి కుదించుకుపోతుంది. చోటు తొమ్మిదో వంతైతే మోయగలిగే ఆవిరీ తొమ్మిదో వంతే, మూడున్నర గ్రాములకి కాస్త తక్కువ. మిగిలిన 19 గ్రాములు ఏమవుతాయి? తడిబట్ట పిండినట్టు కారిపోతాయి. నిమిషానికి 100 లీటర్లిచ్చే మెషిన్ గంటలో ఆరు ఘనమీటర్లు మింగుతుంది. ఆగకుండా నడిస్తే గంటకి వంద గ్రాముల పైన నీళ్లు. అనంతపురంలో వేసవిలో ఈ బాధ ఇంత ఉండదు. అక్కడ మెషిన్ వాడినవాళ్ల సలహా ఇక్కడ పనిచేయదు.

ఆ నీళ్లు ట్యాంకు అడుగున కూర్చుని ఇనుముని లోపల్నుంచి తింటాయి. బయట రంగు మెరుస్తూ ఉంటుంది. అందుకే ఏ రోజు పని ఆ రోజు అవగానే, ట్యాంకులో ఒకటి రెండు కిలోలు మిగిల్చి, కాక్ నెమ్మదిగా తిప్పి కింద నీళ్లు వదలండి. ఆ తర్వాత కాక్ కాసేపు తెరిచే ఉంచండి, లోపల ఆరుతుంది. అడుగున కాక్ దగ్గరికి చెయ్యి వెళ్లేలా లేకపోతే మనిషి బద్ధకిస్తాడు. ఒక చిన్న గొట్టం, ఒక బాల్ వాల్వు పెట్టి ముందుకు లాగించుకోండి. కొద్ది డబ్బుతో అయిపోయే పని, ట్యాంకు ఆయుష్షు పెంచుతుంది.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. నీళ్లు ఆపడానికి ఫిల్టర్ కొంటారు, గాజుగిన్నెలా ఉంటుంది. దాన్ని సరిగ్గా ట్యాంకు మూతి దగ్గరే బిగిస్తారు. పని నడుస్తున్నప్పుడు అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది. వేడి గాలిలో నీళ్లు ఆవిరిగానే ఉంటాయి. ఫిల్టర్ బొట్టుని పట్టుకోగలదు గానీ ఆవిరిని పట్టుకోలేదు. ఆవిరి హాయిగా ఫిల్టర్ దాటి, గొట్టంలో పోతూ పోతూ చల్లబడి, మీ స్ప్రే గన్ను దగ్గరికొచ్చి బొట్టవుతుంది. అప్పుడు ఫిల్టర్ కంపెనీని తిట్టుకుంటారు. ముందు గాలి చల్లబడాలి, ఆ తర్వాత ఫిల్టర్ రావాలి. మధ్యలో కనీసం ఏడెనిమిది మీటర్ల ఇనుప పైపు గోడ వెంట నడిపించండి. చోటు లేకపోతే గోడ మీదే పైకి కిందికి మెలికలు తిప్పండి. పైపు కొద్దిగా వాలుగా ఉండాలి, మీటరుకి ఒక సెంటీమీటరు. మీకు కావాల్సిన గాలి పైపు పైభాగం నుంచి టీ జాయింటు వేసి, వంచి కిందికి దించాలి. పైపు అడుగు నుంచి దించితే కారుతున్న నీళ్లన్నీ నేరుగా మీ గొట్టంలోకే. పైపు చివర జానెడు మొండి వదిలి దానికొక కాక్. నీళ్లు అక్కడ చేరతాయి. అప్పుడు ఫిల్టర్, ఒత్తిడి తగ్గించుకునే రెగ్యులేటర్, పని చేసే చోట, కంటి ఎత్తులో. రైలు పెట్టెల్లోనూ డర్ట్ కలెక్టర్ అని ఒకటి ఉంటుంది, అదీ ఈ ఆలోచనే.

పైపు అన్నాను కదా, ఏ పైపు? జింకు పూత ఉన్న ఇనుప పైపు, అదే జీఐ పైపు వేయండి, రాగి వేయండి, అల్యూమినియం వేయండి. పీవీసీ మాత్రం వేయకండి. ఇది నేను చేసిన రెండో తప్పు, దీని గురించి మాట్లాడాలంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ప్లంబర్ మిగిల్చిన పైపు ఉంది, దాని మీద 10 కిలోలు అని రాసి ఉంది, మనం పెట్టేది ఎనిమిదే కదా అనుకున్నాను. ఏడాది బాగానే ఉంది. ఒక మే నెల మధ్యాహ్నం ఎల్బో, అంటే పైపు మలుపు జాయింటు, దగ్గర పేలింది. టపాకాయ లాంటి శబ్దం. అరచేయంత ముక్క ఎదురుగా ఉన్న చెక్క తలుపులో దిగబడింది. ఆ తలుపు దగ్గర మా ఆవిడ ఆరిన బట్టలు తీసుకుని అప్పుడే లోపలికి వెళ్లింది.

పైపు మీద రాసే ఆ 10 కిలోలు చల్లటి నీళ్లకి. నీళ్ల పైపు పగిలితే ఒక్క చిమ్ము చిమ్మి ఒత్తిడి పడిపోతుంది, నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి. గాలి అలా కాదు, వ్యాకోచిస్తూ ముక్కల్ని విసురుతుంది. ఎండకి పీవీసీ బలం తగ్గుతుంది, ఏళ్లు గడిస్తే పెళుసవుతుంది. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా 1988లోనే పీవీసీని గాలి లైన్లకి వాడొద్దని హెచ్చరిక ఇచ్చింది. నాకు అది తలుపులో ముక్క దిగాక తెలిసింది. మీలో ఎవరింట్లోనైనా పీవీసీ లైను ఉంటే, ఇవాళ ఇంటికెళ్లి ట్యాంకు ఖాళీ చేసేయండి. రేపు కాదు.

ఇనుప పైపు మరలకి టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర బిగిసే దిక్కుకే చుట్టండి. అన్నీ బిగించాక సబ్బు నురగ కుంచెతో రాసి చూడండి. బుడగ వచ్చిన చోట విప్పి మళ్లీ బిగించాలి. ముందు గాలి వదిలేసి విప్పండి. రాత్రి 8 కిలోలు నింపి, స్విచ్చాపి పడుకోండి. తెల్లారి గేజి 6 చూపించినా పరవాలేదు. సున్నా చూపిస్తే మళ్లీ సబ్బు.

గొట్టం దగ్గర ఒకమాట. నీలం రంగు 8 మిల్లీమీటర్ల పీయూ ప్లాస్టిక్ గొట్టం అందరూ కొంటారు. ఆ ఎనిమిది బయటి కొలత. లోపల దారి ఐదు, ఐదున్నర మిల్లీమీటర్లే. టైరుకి సరిపోతుంది గానీ ఇంపాక్ట్ గన్నుకి సరిపోదు. 12 మిల్లీమీటర్లది కొనండి, గన్ను కొత్తదయినట్టు ఉంటుంది.

సేఫ్టీ వాల్వు గురించి. ట్యాంకు మీద ఇత్తడిది, చిన్న రింగు ఉంటుంది. ప్రెషర్ స్విచ్చు అతుక్కుపోయి మోటారు ఆగకపోతే మిగిలిన ఆఖరి కాపలా అదొక్కటే. నెలకోసారి రింగు లాగి చూడండి, గాలి రావాలి, వదిలితే ఆగాలి. అది కారుతోందని తీసేసి అక్కడ బోల్టు బిగించిన మెషిన్లు నేను కళ్లారా చూశాను. అలాంటి మెషిన్ ఉన్న గదిలో నేను నిలబడను.

పుదుప్పేట వైపు, పాత సామాన్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ మెషిన్లు చవగ్గా వస్తాయి. హెడ్డు, మోటారు పాతవైనా పరవాలేదు, బాగు చేసుకోవచ్చు. ట్యాంకు మాత్రం లోపల చూడకుండా కొనొద్దు. అడుగు కాక్ విప్పి, టార్చి వేసి చూడండి, చిన్న సుత్తితో అడుగంతా తట్టి వినండి. ఖంగుమనాలి. అనుమానం ఉంటే నీళ్ల పరీక్ష చేయించాలి. ట్యాంకు నిండా నీళ్లు నింపి పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెడతారు. నీళ్లతో ఎందుకంటే, పగిలినా ఊరికే కారుతుంది, పేలదు. చిల్లు పడిన ట్యాంకుకి వెల్డింగు ప్యాచీ వేయించుకోవద్దు. చిల్లు పడిందంటే చుట్టుపక్కల రేకంతా పల్చబడిందనే అర్థం.

చివరిగా, గాలి మనిషి మీద పెట్టకండి. పనయ్యాక చొక్కా మీద దుమ్ము ఊదుకోవడం అందరికీ అలవాటు. గాయంలోంచి గాలి చర్మం కిందికి వెళ్తుంది, ఇనుప రజను కంట్లోకి వెళ్తుంది. వస్తువులు ఊదడానికి కూడా రెగ్యులేటర్ రెండు కిలోలకి తగ్గించుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి. కుర్రాళ్లు ఆటకి ఒకరి మీద ఒకరు గాలి గొట్టం పెట్టుకుని ప్రాణాలు పోయిన వార్తలు మన దేశంలో వస్తూనే ఉన్నాయి. పేగులు చిరిగిపోతాయి. ఇంట్లో పిల్లలుంటే చేత్తో ఊడే జాయింటు, అదే క్విక్ కప్లింగు, దగ్గర గొట్టాన్ని ఊడదీసి లోపల పెట్టేయండి. ఆ విషయంలో నేను మా మనవడి దగ్గర కూడా కఠినంగానే ఉంటాను.

ఏమైనా అడగాలంటే అడగండి.

సభలోంచి: బాబాయ్‌గారూ, మాది అపార్ట్‌మెంట్. కింద కారు పార్కింగులోనే పెట్టుకోవాలి. కుదురుతుందా?

కుదురుతుంది బాబూ. ముందు అసోసియేషన్‌లో అడుగు. కామన్ మీటరు నుంచి కరెంటు తీయకు, గొడవలొస్తాయి, నీ మీటరు నుంచే లైను దించుకో. అక్కడ జనం తిరుగుతుంటారు కాబట్టి పనయ్యాక ట్యాంకులో గాలి ఉంచకు. పక్కన వేరేవాళ్ల కార్లుంటే స్ప్రే పెయింటు ఆలోచనే వద్దు, ఆ తుంపర చాలా దూరం పోతుంది. పెట్రోలు, థిన్నరు డబ్బాలు మెషిన్ దగ్గర పెట్టకు. ప్రెషర్ స్విచ్చు వేసినప్పుడల్లా లోపల నిప్పురవ్వ పుడుతుంది.

సభలోంచి: ఆయిల్ లేని మెషిన్ మంచిదా, ఆయిల్ ఉన్నదా అండీ? నేను కేకుల మీద రంగులు స్ప్రే చేస్తాను.

తినే వస్తువు మీదికి వెళ్లే గాలి అయితే ఆయిల్ లేనిదే తీసుకోండమ్మా. శబ్దం కూడా తక్కువ రకాలు వస్తున్నాయి. ఆయుష్షు కొంచెం తక్కువ, అయినా మీ పనికి అదే సరైనది. కానీ ఆయిల్ లేదు కాబట్టి నీళ్లు కూడా ఉండవు అనుకోవద్దు. నీళ్లు గాలిలోంచి వస్తాయి, ఏ మెషిన్‌కైనా వస్తాయి. మీరు కూడా రోజూ కాక్ తిప్పాలి, తుప్పు నీళ్లు కేకు మీద పడకూడదు కదా. మంచి ఫిల్టర్ కూడా పెట్టుకోండి.

సరే, ఇది చూద్దాం. తంబీ, ఆ స్విచ్చు వెయ్యి. చెవులు మూసుకోండి పెద్దవాళ్లు, ఒక్క నిమిషం. ఒకటి... ఒకటిన్నర... రెండు కిలోలు. ఆపెయ్యి. స్స్ విన్నారా? అదే అన్‌లోడర్.

డబరా ఇలా కింద పెడుతున్నాను, పైన గుడ్డ కప్పుతున్నాను, చిమ్ముతుంది. ఇప్పుడు కాక్ కొద్ది కొద్దిగా...

ముందు వరసవాళ్లు చూడండి. నిన్న ఒక్క గంట పని, ఒక్క గేటు. డబరాలో మూడు వేళ్లు ముంచేంత లేదు గానీ అడుగంతా నిండింది. రంగు చూడండి, అప్పుడే పసుపు తిరిగింది. ఒక్క రాత్రిలో. వెనక వరస దాకా చేతులు మార్చి పంపించండి, అందరూ చూడండి. తొణకకుండా, చీరల మీద పడితే మరక పోదు.